కోసలరాజు పసేనది, అతని సహచరులు: మైత్రి, విశ్వాసం, గౌరవం

 

కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంలో భార్హుత్ స్తూపపు రాతి స్తంభమొకటి ఉంది. క్రీ.పూ. 2వ శతాబ్దానికి చెందిన ఆ శిల్పంలో నాలుగు గుర్రాల రథంపై ఒక రాజు సాగిపోతుంటాడు. అతడు కోసలరాజు పసేనది అని శాసనం చెబుతుంది. ఆ చిత్రాన్ని తరగతిలో చూపించినప్పుడల్లా నేను రథంలోని రాజును గురించే బోధించేవాడిని. రథం వెంట నడిచేవారిని గురించి ఎన్నడూ ఒక మాట చెప్పలేదు. ఆ లోటును ఈ వేదిక మీద కొంతైనా తీర్చుకోదలచాను.

పసేనది యౌవనంలో తక్షశిలలో విద్య నేర్చాడు. అక్కడ అతనికి ఇద్దరు మిత్రులు లభించారని ధమ్మపద అట్ఠకథ చెబుతున్నది. ఒకరు వైశాలికి చెందిన లిచ్ఛవి మహాలి, మరొకరు కుశీనగరానికి చెందిన మల్లకుమారుడు బంధులుడు. స్వజనుల తీరుకు మనసు విరిగిన బంధులుడు కుశీనగరాన్ని విడిచి శ్రావస్తికి వచ్చాడు. పసేనది మిత్రుణ్ణి ఆదరించి సేనాపతిని చేశాడు. ఒకనాడు న్యాయాధికారులు లంచం తిని ఇచ్చిన తీర్పును బంధులుడు తిరిగి విచారించి సరిదిద్దాడు. ప్రజలు హర్షించారు. రాజు న్యాయవిచారణ భారాన్ని కూడా అతనికే అప్పగించాడు.

పదవులు పోయిన అధికారులు ఊరుకోలేదు. బంధులుడు రాజ్యాన్ని కాజేయజూస్తున్నాడని రాజు చెవిలో వేశారు. పసేనది ఆ మాట నమ్మాడు. మిత్రుణ్ణి పిలిచి ఒక్క ప్రశ్న అడగలేదు. సరిహద్దులో తిరుగుబాటును అణచే నెపంతో పంపి, తిరుగుదారిలో అతనిని, అతని 32 మంది కుమారులను చంపించాడు.

ఆ వార్త చేరిన ఉదయం బంధులుని భార్య మల్లిక భిక్షుసంఘానికి భోజనం వడ్డిస్తున్నది. లేఖను చదివి కొంగున ముడుచుకొని వడ్డన సాగించింది. ఇంతలో పరిచారిక చేతినుంచి నేతికుండ జారి పగిలింది. పగిలే స్వభావం గలది పగిలింది, చింతించవద్దని సారిపుత్తుడు ఓదార్చాడు. అప్పుడామె లేఖను తీసి చూపింది. ఇంతటి వార్త విని కూడా చలించని నేను కుండకోసం చింతిస్తానా అన్నది. కోడళ్లను పిలిచి, రాజుమీద ద్వేషం పెంచుకోవద్దని బోధించింది. చారుల ద్వారా ఇది విన్న పసేనది పరితపించి క్షమాపణ వేడుకున్నాడు. బంధులుని మేనల్లుడు దీఘకారాయణునికి సేనాపతి పదవి ఇచ్చాడు. పదవిని ఇవ్వగలిగాడు గాని, పోయిన విశ్వాసాన్ని తిరిగి ఇవ్వలేకపోయాడు.

మజ్ఝిమనికాయంలోని ధమ్మచేతియ సుత్తం ఆ రాజు వృద్ధాప్యాన్ని చూపుతుంది. పసేనదికీ, భగవానునికీ అప్పుడు 80 ఏండ్లు. శాక్యుల మేదళుంప గ్రామంలో రాజు తన ఖడ్గాన్ని, తలపాగాను కారాయణుని చేతికిచ్చి, ఒంటరిగా కుటీరంలోకి ప్రవేశించాడు. భగవానుని పాదాలపై శిరసు ఉంచి, తనకింతటి భక్తి ఎందుకో వివరించాడు. ఆ కారణాల్లో ఇసిదత్తుడు, పురాణుడు అనే ఇద్దరు స్థపతుల ప్రసంగం ఉంది.

వారు రాజు అన్నం తిన్నవారు, రాజు ఇచ్చిన వాహనాలపై తిరిగినవారు. ఒక దండయాత్రలో రాజు వారితో కలిసి ఇరుకైన బసలో రాత్రి గడపవలసి వచ్చింది. వారు చాలాసేపు ధమ్మచర్చ చేసి, భగవానుడున్న దిక్కుకు తలలు, రాజు వైపు కాళ్లు పెట్టి నిద్రించారు. మరొక ప్రభువైతే దానిని ధిక్కారంగా భావించేవాడు. పసేనది మాత్రం వీరు నాకంటే ఉన్నతమైనదేదో చూశారని గ్రహించి ఆశ్చర్యపడ్డాడు. సేవకుల అంతరాత్మ తన సొత్తు కాదని ఆ రాజు ఒప్పుకున్నాడు. సహచరులకు ఒక ప్రభువు ఇవ్వగల గౌరవం ఇంతకంటే వేరే లేదు.

లోపల ఈ మాటలు సాగుతుండగా బయట కారాయణుడు నిలిచి ఉన్నాడు. అట్ఠకథ ప్రకారం అతడు రాజచిహ్నాలను తీసుకువెళ్లి రాకుమారుడు విడూడభునికి పట్టంకట్టాడు. పసేనది మేనల్లుడైన అజాతశత్రువు సహాయంకోరి రాజగృహానికి చేరేసరికి కోటద్వారాలు మూసి ఉన్నాయి. ఆ రాత్రి నగరం వెలుపలి సత్రంలోనే మరణించాడు. రాజు వైపు కాళ్లు చాపినవారు అతనికి ద్రోహం చేయలేదు. అతని తలపాగాను చేతబట్టి వినయంగా నిలిచినవాడు చేశాడు. బాహ్యమర్యాద విశ్వాసానికి కొలమానం కాదు.

మిత్రులారా, 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో డాక్టర్ అంబేడ్కర్ రాజకీయాల్లో వ్యక్తిపూజ నియంతృత్వానికి దారితీస్తుందని హెచ్చరించారు. 1956లో ఆయన వెంట ధమ్మాన్ని స్వీకరించిన మనం, మన సంఘాలలో ఆ హెచ్చరికను పాటిస్తున్నామా? ఎదుట వంగి నిలిచినవానిని నమ్ముతున్నాము, ఎదురు ప్రశ్న వేసినవానిని అనుమానిస్తున్నాము. నేనూ అందుకు అతీతుడను కాను. ఒక సహచరుని గురించి ఎవరో చెప్పిన మాటను, అతనిని అడగకుండానే నమ్మి, ఏండ్ల తరబడి దూరంగా ఉన్నాను. ఆ మాట అబద్ధమని తెలిసేనాటికి అతడు సంఘానికి రావడమే మానుకున్నాడు. అతని ఇంటికి వెళ్లి క్షమాపణ కోరాను. అతడు మన్నించాడు గాని తిరిగి రాలేదు.

కల్యాణమిత్రత్వం ధమ్మజీవనంలో సగభాగం కాదు, అదే సమస్తమని భగవానుడు ఆనందునికి చెప్పిన మాటను ఈ పసేనదికే స్వయంగా వినిపించాడని సంయుత్తనికాయం చెబుతున్నది. రాజు విన్నాడు. ఒకసారి పాటించాడు, ఒకసారి మరిచాడు. మనం మరువకుండా ఉండాలంటే చేయవలసినది స్వల్పమే. సహచరుని గురించి చెడుమాట వినబడిన రోజున, నమ్మకముందే అతని ఇంటి తలుపు తట్టుదాం.

భవతు సబ్బ మంగళం.