పని ఒక మూల, మంచం ఒక మూల

(శుక్రవారం సులై ఇస్తిరాహాలో మన సంఘం కూర్చున్నప్పుడు ఒక అన్న మాట్లాడిన మాటలు. డ్యూటీ ఉండి రాలేకపోయిన వాళ్ల కోసం రాసి పెడుతున్నాం.)



మొన్న కొత్తగా వచ్చిన తమ్ముడు ఒకటి అడిగిండు. "అన్నా, రియాద్ ఇంత పెద్దగుంది, గంట సేపు బండిలో పోయినా ఒడవదు. ఇంత జాగ ఉండంగ ఒక్క రూములో ఎనిమిది మందిమి ఎందుకున్నం?" అందరం నవ్వినం. కానీ రాత్రి పండుకున్నాక ఆ మాట నన్ను వదల్లేదు.

జనం జాగ చూసి చేరరు, పని చూసి చేరుతరు. మన హైదరాబాద్‌నే చూడండి. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన్నాడు మాదాపూర్ చుట్టూ బండలు, గుట్టలు. ఇయ్యాల అక్కడ హాస్టల్ రూములో సాఫ్ట్‌వేర్ పిల్లలు నలుగురేసి ఉంటున్నరు. జీతం లేక కాదు, ఆఫీసు దగ్గర ఉండాలని.

రియాద్ కూడా అంతే. 1951లో దమ్మాం నుంచి రైలు వచ్చింది. ఆ తర్వాత మంత్రిత్వ శాఖలు జిద్దా వైపు నుంచి ఇక్కడికి మారినయ్. ఊరు పెరిగింది. అప్పట్లో బత్హా చుట్టుపక్కలనే బజారు, పని, ఇల్లు అన్నీ. తర్వాత పెద్ద ఆఫీసులు ఉత్తరానికి, ఒలయ్యా వైపు నడిచినయ్. వాటి వెంట ఇక్కడి కుటుంబాలూ పోయినయ్. ఖాళీ అయిన పాత ఇళ్లు మనలాంటోళ్లకు దొరికినయ్. 2022 లెక్కల్లో ఈ నగరంలో 70 లక్షల మంది ఉన్నరు. కానీ అన్ని వీధుల్లో ఒక్క తీరుగ లేరు. సులైలో గోదాములు, ట్రక్కుల వర్క్‌షాపులు ఉన్నయి కాబట్టి మనం ఇక్కడ ఉన్నం.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, రూము మనం ఎంచుకోం. సొంతంగా ఎంచుకునేటోడు కిరాయి ఎంత, దారి ఎంత అని రెండూ తూకం వేసుకుంటడు. మన కాడ కిరాయి మిగిలేది కంపెనీకి, నిద్ర పోయేది మనకు. తూకం వేసేటోడు ఒకడు, బరువు మోసేటోడు ఇంకొకడు.

నాకే అయింది. కంపెనీ పేరు వద్దు. సైటు ఊరికి ఉత్తరాన పడ్డది, క్యాంపు మాత్రం సులైలనే ఉంచిండ్రు. ఆరింటి డ్యూటీకి నాలుగింటికే బస్సు. సాయంత్రం ట్రాఫిక్‌లో ఇరుక్కుని వచ్చేసరికి ఎనిమిది దాటేది. ఆపైన పొయ్యి కాడ లైను. ఇంటికి ఫోన్ చేస్తే పిల్లలు పండుకునేటోళ్లు. మేం లొల్లి చేయలేదు. నెల రోజులు బస్సు ఎక్కిన టైము, దిగిన టైము ఒక నోటుబుక్కులో రాసి, పదకొండు మందిమి కలిసి మేనేజరు కాడికి పోయినం. మాటలు వినని మనిషి అంకెలు చూసిండు. సగం మందికి సైటు దగ్గర విల్లా తీసిండు. మిగతా సగానికి ఏమీ కాలేదు, అదీ చెప్పాలె.

ఇప్పుడు మనకు కొంత ఆసరా ఉంది. 2025 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక చట్టం మార్పుల ప్రకారం కంపెనీ ఉండటానికి చోటు, డ్యూటీకి బండి ఇయ్యాలె, లేదంటే వాటికి పైసలు ఇయ్యాలె. మీ కాంట్రాక్టుల ఏముందో కివాలో తెరిచి చూసుకోండి. క్యాంపు రూములో మనిషికి 4 చదరపు మీటర్లకు తగ్గొద్దు, ఎంత పెద్ద రూమైనా పది మందికి మించొద్దు అని కూడా నియమం ఉంది. నాలుగు మీటర్లు, ఐదు మీటర్ల రూము అంటే 20. అందులో ఐదుగురే. తమ్ముడూ, నీ ప్రశ్నకు సగం జవాబు ఇదే.

రూము పైసలు చేతికి తీసుకునేటోళ్లకు ఇంకో మాట. దూరంగా 150 రియాళ్లు తక్కువకు దొరికిందని తొందరపడొద్దు. 2024 డిసెంబర్‌లో మెట్రో మొదలైనప్పుడు నెల పాసు 140 పెట్టిండ్రు. మిగిలేది పది రియాళ్లు. రోజుకు రెండు గంటలు దారిలో పోతే, 26 డ్యూటీలకు 52 గంటలు. పది రియాళ్లకు 52 గంటలు ఎవరన్నా అమ్ముకుంటరా?

వచ్చే శుక్రవారం నేను కొలత టేపు తెస్తున్న. ముందు మా రూముతోనే మొదలుపెడదాం. మీ రూము పొడవు, వెడల్పు, ఎన్ని మంచాలు, బస్సు టైము వాయిస్ మెసేజ్ పెట్టినా చాలు, రాసుకుంటం. పేర్లు రాయం.