ఖాళీ సిలిండర్ నేరం ఎవరిది?

(దవాఖాన సిబ్బంది సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేం డాక్టర్లం కాదు, వకీళ్లం కాదు. పేపరోళ్లం. దవాఖాన ముందర శవాన్ని పెట్టుకొని ఏడ్చే తల్లిని చూసినం. అద్దాలు పగిలిన వార్డుల ఓ మూలకు నిలబడి వణికే నర్సమ్మనూ చూసినం. ఆ ఇద్దరి తరఫున మాట్లాడుతున్నం.

1995 ఫిబ్రవరి. పంజాబ్‌ల లుధియానా. రాత్రిపూట ఒక రోగికి ఊపిరాడలేదు. డాక్టరు వచ్చేటాళ్లకు 20 నిమిషాలు దాటింది. తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్ ఖాళీ. కొడుకు పక్క గదికి ఉరికి ఇంకోటి తెచ్చిండు. దాన్ని పనిచేయించే ఏర్పాటు లేదు. ప్రాణం పోయింది. ఇదీ ఆ కుటుంబం ఫిర్యాదు. డాక్టర్ల మీద 304-ఏ కేసు పడ్డది.

పదేండ్లకు, 2005 ఆగస్టు 5న, జాకబ్ మాథ్యూ కేసుల సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పొరపాటు వేరు, నేరం వేరు అన్నది. మామూలు నిర్లక్ష్యానికి పరిహారం. జైలుకు పంపాలంటే మాత్రం ఘోరమైన నిర్లక్ష్యం రుజువు కావాలె. ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోకుండ పోలీసులు ముందుకు పోవద్దు. ఊరికే అరెస్టు చేయొద్దు. సిలిండర్ అందుబాటుల లేకుంటే దవాఖాన సివిల్ బాధ్యత మోయవలసి రావచ్చన్నది.

న్యాయమే. కానీ కొత్త చట్టం సంగతేంది? 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే ఐదేండ్ల దాకా జైలు. వైద్యం చేస్తుండగా జరిగితే రిజిస్టరైన డాక్టరుకు రెండేండ్ల దాకనే. ఆ నిర్వచనంల నర్సు లేదు, టెక్నీషియన్ లేడు. ఒకటే ఆపరేషన్ థియేటర్. మందు రాసినాయనకు రెండేండ్లు, సూది వేసినామెకు ఐదేండ్లు! ఇదేం తూకం?

రాత్రి డ్యూటీకి ఒక్క నర్సును వేసి వార్డంతా అప్పజెప్పినోడు ఏ సెక్షన్ కిందికి వస్తడు? ఖాళీ పోస్టులు నింపనోడిని ఎవరు అడగాలె?

మీకు ఒక్క మాట. సిలిండర్ ఖాళీ ఉంటే, మనుషులు తక్కువుంటే, తారీఖు, టైము వేసి రాసి పైకి పంపండి. నకలు దగ్గర పెట్టుకోండి. నోటిమాట కోర్టుల నిలవదు.

ఆ తల్లికీ ఒక మాట. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్ల కేస్‌షీట్ కాపీ ఇయ్యాలె. రాయి విసిరితే అద్దం పగులుతది. కాగితం అడిగితే నిజం బయటపడుతది.

బిడ్డను పోగొట్టుకున్న తల్లి, నర్సమ్మ శత్రువులు కారు. ఇద్దరినీ ఎదురెదురు నిలబెట్టి తప్పించుకున్నోడు వేరే ఉన్నడు. వాన్ని బోనుల నిలబెట్టేదాకా అడుగుదాం.