ఒకే గుండె, రెండు దేహములు

(తెలీబంధాలో జరిగిన తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఇటలీ దేశపు స్పోర్ట్సు కారు అనగానే, నెలజీతముపై సంసారము నడుపుకొను ఉద్యోగికి అది తన జోలి కాదని తోచుట సహజము. ఫెరారి, లంబోర్గిని మొదలైనవి కోటీశ్వరుల ముంగిళ్లలో వినబడు పేర్లు. అయినను ఆ కార్ల వంశవృక్షమును వేళ్లదాక త్రవ్వి చూచినచో, అందొక వేరు తెలుగువారి ఇంటిముందు వేపచెట్టు నీడలోనే కనబడును. ఆ వేరు పేరు ఫియట్టు. ఈ బంధుత్వమును సభవారి ముందుంచుటయే ఈ ప్రసంగపు ఉద్దేశము.

ఫియట్టు 1100 కారును ఎరుగని తెలుగు కుటుంబము ఒకప్పుడు అరుదు. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ, బొంబాయిలోని కుర్లా కర్మాగారమున, 1950ల నడుమ నుండి ఈ కారును తయారుచేసెను. 1964లో 1100 డి అను రూపము వచ్చెను. 1972లో అది ‘ప్రీమియర్ ప్రెసిడెంటు’ అయ్యెను. 1974లో ‘ప్రీమియర్ పద్మిని’ అయ్యెను. పద్మిని యనగా తామరతీగ. పేర్లు మారినను ఊరివారి నోట మాత్రము అది కడదాక ఫియట్టే.

దానికొరకు డబ్బు కట్టి, ఏండ్ల తరబడి ఎదురుచూచిన వారెందరో కలరు. పట్టణములలో డాక్టరుగారి యింట ఒకటి, ప్లీడరుగారి యింట ఒకటి యుండెడిది. స్టీరింగు ప్రక్కనే గేరు పుల్ల, ముందు భాగమున బల్లవలె అడ్డముగా ఒకే సీటు. అందు ముగ్గురు కూర్చుండవలసిన చోట నలుగురు సర్దుకొని పెండ్లిండ్లకు పోయెడివారు. అంబాసిడరు కంటె చిన్నది, తేలికైనది, చేతికి లొంగునది అని దానిని నడిపినవారు మెచ్చుకొనెడివారు. దాని ఇంజను 1089 ఘన సెంటీమీటర్లది. బలము సుమారు నలుబది అశ్వశక్తి మాత్రమే.

ఆ ఇంజను జాతకమే ఇచట ముఖ్యము. అది ఇటలీలో ట్యూరిన్ నగరమున 1937లో పుట్టెను. డాంటే జకోసా అను ముప్పది రెండేండ్ల ఇంజనీరు దానిని రూపొందించెను. నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కదాని వ్యాసము 68 మిల్లీమీటర్లు, అందు పిస్టను కదలు దూరము 75 మిల్లీమీటర్లు. లెక్క వేసినచో 1089 వచ్చును. మొదట దాని బలము 32 అశ్వశక్తి. మధ్యతరగతి గృహస్థునికి తక్కువ పెట్రోలుతో ఎక్కువ కాలము సేవచేయుటకే జకోసా దానిని నిర్మించెను గాని పందెములకు కాదు. అయినను అందొక దాగిన శక్తి యున్నదని ఇటలీ యువకులు త్వరలోనే కనిపెట్టిరి.

వారిలో ఎన్జో ఫెరారి ఒకడు. ఆల్ఫా రోమియో సంస్థను విడిచి వచ్చినప్పుడు, నాలుగేండ్ల వరకు తన పేరుతో పందెపు కార్లు నడుపరాదని అతనికి షరతు కలదు. అందుచే 1940లో అతడు ‘815’ అను అంకె మాత్రమే పెట్టి రెండు కార్లు తయారుచేయించెను. వాని చట్రము ఫియట్టు 1100ది. ఎనిమిది సిలిండర్ల ఇంజను ఫియట్టు భాగములతోనే కూర్చబడినది. ఆ యేటి మిల్లె మిలియా పందెమున అందొక కారును నడిపిన ఆల్బెర్తో అస్కారి తరువాత 1952, 1953 సంవత్సరములలో ప్రపంచ విజేత అయ్యెను. ఆనాడు రెండు కార్లును మధ్యలోనే ఆగిపోయినవి. అయినను తన సంస్థ నెలకొల్పి ఫెరారి నిర్మించిన మొట్టమొదటి కార్లలో కదలినవి ఫియట్టు అవయవములే యని చెప్పక తప్పదు.

యుద్ధము ముగిసెను. ఇటలీలో కర్మాగారములు కూలియుండెను. ఇనుమునకు, రబ్బరునకు కరవు. అట్టి సమయమున పియేరో దూసియో అను ట్యూరిన్ వ్యాపారి, దొరకు ఫియట్టు భాగములతోనే పందెపు కారు చేయింప సంకల్పించెను. ఫియట్టు ఉద్యోగియైన జకోసాయే దానికి రూపకల్పన చేసెను. సంస్థ పేరు చిసిటాలియా. 1946లో ట్యూరిన్ పందెమున ఆ చిన్న కారులో దూసియో స్వయముగా గెలిచెను. ఆ పందెముననే వృద్ధ వీరుడు తాజియో నువొలారి కారు స్టీరింగు చక్రము ఊడి చేతికి వచ్చెను. అతడు దానిని ఎత్తి జనులకు చూపుచు కారును నడిపించుకొని పోయెనట!

మరుసటి యేడు, 1947లో, నువొలారి మిల్లె మిలియాకు చిసిటాలియా 202 ఎక్కెను. వయస్సు ఏబదినాలుగు, ఆరోగ్యము అంతంతమాత్రము. కారునకు కప్పు లేదు. పందెము దూరము పద్దెనిమిది వందల కిలోమీటర్లకు పైబడినది. ఎదుట బియొందెత్తి నడుపు ఆల్ఫా రోమియో. దాని ఇంజను 2900 ఘన సెంటీమీటర్లది. ఇతనిది మన వీథుల ఫియట్టునకు సొంతమైన 1089. అయినను నువొలారి చాల దూరము అందరికంటె ముందుండెను. చివరి భాగమున కుంభవృష్టి కురిసి ఇంజనులోనికి నీరు చేరెను. ఆగి, ఆరబెట్టుకొని, మరల బయలుదేరి రెండవవాడుగా గమ్యము చేరెను. మూడవ, నాలుగవ స్థానములును చిసిటాలియాలకే దక్కెను. గెలిచిన బియొందెత్తి కంటె ఓడిన నువొలారినే జనులు ఎక్కువగా తలచుకొందురు.

ఆ యేడే బాతిస్తా పినిన్ ఫారినా 202 కారునకు కప్పుగల దేహమును తీర్చెను. అంతవరకు కార్లలో మడ్గార్డులు వేరు, దీపములు వేరు, ఇంజను పెట్టె వేరు, అన్నియు అతికించినట్లుండెడివి. పినిన్ ఫారినా వానినన్నింటిని ఒకే చర్మమునందు ఇమిడించెను. ముందు చక్రముల కప్పులకంటె ఇంజను పైమూతను క్రిందికి దించెను. నీటిలో నునుపెక్కిన రాయివలె ఎచటను అతుకు కానరాదు. అల్యూమినియపు రేకులను పనివారు చేతులతో కొట్టి మలచిరి. 1951లో న్యూయార్కు ఆధునిక కళా ప్రదర్శనశాల ఎనిమిది కార్లను ఎంచి ప్రదర్శించినప్పుడు అందిది యొకటి. 1972లో ఆ శాలయొక్క శాశ్వత సంచయములో చేరెను. దాని ఇంజను బలము అరువది అశ్వశక్తికి మించదు. అయినను తరువాతి స్పోర్ట్సు కార్లెన్నియో దీని రూపమునుండియే పాఠము నేర్చినవి.

ఇక సంస్థ గతి విచారకరము. చిన్న ఇంజనుతో వచ్చిన కీర్తి దూసియోకు చాలలేదు. ప్రపంచమున మిక్కిలి గొప్ప పందెపు కారు కావలెనని పోర్షె కార్యాలయమునకు పని అప్పగించెను. పండ్రెండు సిలిండర్లు, నాలుగు చక్రములకును బలము, వెనుకవైపు ఇంజను: అద్భుతమైన కల్పనయే. కాని ఖర్చు సంస్థను మ్రింగివేసెను. కారు పందెమునకు సిద్ధము కాకమునుపే దూసియో అప్పులలో మునిగి, 1949లో అర్జెంటీనాకు తరలిపోయెను. చిసిటాలియా 202 కార్లు మొత్తము మీద సుమారు 170 మాత్రమే తయారైనవి. ఉన్నదానిని సానపట్టినంత కాలము ఆ సంస్థ వెలిగెను. లేనిదానికై అఱ్ఱులు చాచి ఆరిపోయెను. బడ్జెట్టు కాగితములతో కాలము గడుపు ఉద్యోగులకు ఈ కథ వేరుగా వివరింప నక్కరలేదు.

భారతదేశమునను ఆ ఇంజనులోని దాగిన శక్తిని కనిపెట్టినవారు లేకపోలేదు. మద్రాసునుండి నెల్లూరు వచ్చు త్రోవలో షోలవరము విమానపు మైదానము కలదు. దశాబ్దముల పాటు అచట జరిగిన పందెములలో, ఇంటి ఫియట్టులనే విప్పి, అరగదీసి, తేలికచేసి యువకులు పరుగెత్తించిరి. వారిలో పెక్కురు జకోసా పేరు వినియుండరు. అయినను ట్యూరిన్ యువకులు చేసిన పనియే వారును చేసిరి.

ఇరువదియొకటవ శతాబ్ది ఆరంభముతో పద్మిని తయారీ ముగిసెను. బొంబాయి వీథులలో పసుపు, నలుపు రంగులతో తిరిగిన పద్మిని టాక్సీలు 2023 అక్టోబరుతో సెలవు తీసుకొనెను. ఇప్పుడు ఎందరో ఇండ్లలో తాతగారి ఫియట్టు గోనెపట్టా క్రింద నిదురించుచున్నది. పాత ఇనుము వర్తకుడు వచ్చి దానిని బరువు లెక్కన అడుగును. అతని త్రాసులో రేకు తూగును గాని, ఆ ఇంజను నడచివచ్చిన చరిత్ర తూగదు. అమ్ముట, అమ్మకుండుట ఎవరి ఇబ్బందిని బట్టి వారు తేల్చుకొనవలసినది. ఇచ్చివేయవలసి వచ్చినను, మూత ఎత్తి ఆ నాలుగు సిలిండర్లను పిల్లలకొకసారి చూపి, ఈ కథ చెప్పి పంపుట న్యాయము.

సాయంకాలము తెలీబంధా చెరువుగట్టుపై విద్యుద్దీపముల వెలుగులో మెరిసిపోవు క్రొత్త కార్లు వరుసలు కట్టును. వాని నడుమ ఎప్పుడైన ఒక పాత పద్మిని దగ్గుచు పోయినచో, పిల్లలు నవ్వకుందురు గాక. న్యూయార్కు కళాశాలలో నిలిచిన సుందరికి అది సొంత చెల్లెలు. అక్క గాజుతలుపుల వెనుక నిశ్చలముగా నున్నది. చెల్లెలు ఇంకను సంసారమును మోయుచున్నది.