కమీషన్ మీద తిరిగే మనిషి ఎవరి ఉద్యోగి?

(మహాసభల బిజినెస్ సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన పెద్దలు పెట్టుబడుల గురించి, కొత్త కంపెనీల గురించి చక్కగా చెప్పారు. నేను చెప్పబోయేది అంత హుషారైన విషయం కాదు. నేను న్యాయవాదిని కూడా కాను. ఇంజనీరింగు చదువుకుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. అయినా ఈ విషయం మాట్లాడతానని నేనే అడిగాను. ఎందుకంటే ఇందులో నా తప్పు కూడా కొంత ఉంది.

మా పెద్దమ్మగారి అబ్బాయి, నాకు అన్నయ్య, నలభై దాటాక కుటుంబ వీసా మీద కాలిఫోర్నియా వచ్చాడు. మన ఊళ్ళో చేసిన ఉద్యోగం ఇక్కడ పనికి రాలేదు. చివరికి మోటెళ్ళకు సబ్బులు, తువ్వాళ్ళు, దుప్పట్లు సరఫరా చేసే ఒక కంపెనీలో సేల్స్‌మన్‌గా చేరాడు. జీతం లేదు, కమీషన్ మాత్రమే. కారు తనది, పెట్రోలు తనది. సాక్రమెంటో నుంచి బేకర్స్‌ఫీల్డ్ దాకా హైవే 99 మీద స్టాక్టన్, మోడెస్టో, మెర్సెడ్, ఫ్రెస్నో ఊళ్ళన్నీ తిరిగేవాడు. ఏడాది చివర కంపెనీ 1099 ఫారం ఇచ్చేది.

ఆ టాక్సులు వేసిపెట్టింది నేనే. "అన్నయ్యా, 1099 అయితే మైలేజీ, ఫోను, అన్నీ ఖర్చుల్లో రాసుకోవచ్చు. జీతగాడి కన్నా ఇదే లాభం" అని గొప్పగా చెప్పాను. షెడ్యూల్ సిలో నికర ఆదాయం ఎంత తగ్గితే అంత తెలివైన పని చేశాననుకున్నాను.

2016 ఫిబ్రవరిలో ఫ్రెస్నోలో ఒక మోటెల్ మెట్లు వాన నీటితో తడిసి ఉన్నాయి. శాంపిళ్ళ పెట్టె పట్టుకుని దిగుతూ అన్నయ్య జారి పడ్డాడు. చీలమండ విరిగింది, ఆపరేషన్ అయింది. కంపెనీకి ఫోను చేస్తే, "అయ్యో, జాగ్రత్త. కానీ మీరు 1099 కదా, మాకు సంబంధం లేదు" అన్నారు. ఇటు హెల్త్ ఇన్సూరెన్సు వాళ్ళు, "ఇది పనిలో జరిగిన ప్రమాదమా?" అని ఫారం పంపారు. కమీషన్ ఆగిపోయింది, ఇంటి అద్దె ఆగదు కదా!

ఇంకో చిక్కు ఏమిటంటే, ఆ కంపెనీ యజమాని మనవాడే. అన్నయ్య మంచం మీద నుంచి నాతో అన్నమాట ఇది: "ఒరేయ్, మనవాళ్ళ మీద కేసేమిటిరా? నలుగురూ ఏమనుకుంటారు?"

ఇక్కడే మనలో చాలామందికి ఒక అపోహ ఉంది. వర్కర్స్ కాంపెన్సేషన్ అంటే యజమాని తప్పు చేశాడని కోర్టుకెక్కడం కాదు. పూర్వం దెబ్బ తగిలిన కార్మికుడు యజమాని తప్పును కోర్టులో నిరూపించవలసి వచ్చేది, చాలామంది నిరూపించలేకపోయేవారు. 1911 మార్చి 25న న్యూయార్కు ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ ఫ్యాక్టరీ అగ్నిప్రమాదంలో 146 మంది చనిపోయారు. ఆ ఏడాదే విస్కాన్సిన్ రాష్ట్రం పరిహార చట్టం చేసింది. కాలిఫోర్నియా 1913 చట్టంతో దాన్ని తప్పనిసరి చేసింది. అందులోని ఒడంబడిక చిన్నదే. తప్పు ఎవరిదని ఎవరూ అడగరు. కార్మికుడికి వైద్యం, జీతంలో కొంత భాగం అందుతాయి. బదులుగా అతను యజమాని మీద దావా వేసే హక్కు వదులుకుంటాడు. యజమాని ముందే ఇన్సూరెన్సు కొని ఉంచాలి.

అయితే ఈ రక్షణ ఉద్యోగికే, స్వతంత్ర కాంట్రాక్టరుకు కాదు. కనుక అసలు ప్రశ్న ఒక్కటే: కమీషన్ మీద ఊళ్ళు తిరిగే మనిషి ఎవరి ఉద్యోగి?

దీనికి జవాబు నాకు దోసకాయల కేసులో దొరికింది. మన సభికుల్లో చాలామంది ఉండే శాంటా క్లారా కౌంటీలోనే, గిల్‌రాయ్‌లో బొరెల్లో అనే రైతు సంస్థ దోసకాయలు పండించేది. కోసే కుటుంబాలకు కూలి లేదు, అమ్మిన ధరలో సగం వాటా. మీరు స్వతంత్రులని వాళ్ళ చేత సంతకాలు కూడా పెట్టించుకున్నారు. 1989లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, కాగితం మీద పేరు ఏదైనా, వర్కర్స్ కాంపెన్సేషన్ విషయంలో వాళ్ళు ఉద్యోగులేనని తీర్పు చెప్పింది. పని మీద అదుపు ఎవరిది, ఎప్పుడంటే అప్పుడు తీసేసే హక్కు ఉందా, ఆ పని సంస్థ వ్యాపారంలో భాగమేనా, పనివాడికి తనదంటూ వేరే వ్యాపారం ఉందా, ఇలాంటివన్నీ కలిపి చూడాలని చెప్పింది. ఆ వాటాకూ మన కమీషన్‌కూ పెద్ద తేడా ఏముంది?

అన్నయ్య సంగతి ఈ ప్రశ్నలతో సరిచూశాను. ఏ వారం ఏ ఊరు వెళ్ళాలో కంపెనీ చెప్పేది. ధరలు కంపెనీవి. ప్రతి సాయంత్రం రిపోర్టు పంపాలి, సోమవారం మీటింగుకు రావాలి. వేరే కంపెనీ సరుకు అమ్మకూడదు. కారు తనదే కావచ్చు, కానీ ఆ కారు ఎక్కడికి వెళ్ళాలో నిర్ణయించేది ఇంకొకరు!

మరో విచిత్రం. ఫెడరల్ టాక్సు చట్టంలో "స్టాట్యూటరీ ఎంప్లాయీ" అని ఒక తరగతి ఉంది. ప్రధానంగా ఒకే కంపెనీ తరఫున పూర్తికాలం తిరుగుతూ హోటళ్ళు, దుకాణాల దగ్గర ఆర్డర్లు తెచ్చే సేల్స్‌మన్‌ను, కొన్ని షరతులకు లోబడి, సోషల్ సెక్యూరిటీ పన్నుల వరకు ఉద్యోగిగానే లెక్కిస్తారు. అంటే కంపెనీ తన వంతు 7.65 శాతం కట్టాలి. నేనేమో అన్నయ్య చేత సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్సు 15.3 శాతం కట్టించాను! అయితే టాక్సు లెక్క వేరు, పరిహారం లెక్క వేరు. ఒక చట్టంలో కాంట్రాక్టరు అయినంత మాత్రాన ఇంకో చట్టంలో కూడా అంతేనని అనుకోకండి.

ఈ సమస్య మన దేశానికీ కొత్త కాదు. బ్యాగు పట్టుకుని ఊళ్ళు తిరిగే మెడికల్ రిప్రజెంటేటివుల కోసం పార్లమెంటు 1976లో ప్రత్యేకంగా చట్టం చేసి, 1923 నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టాన్ని వారికీ వర్తింపజేసింది.

ఇక అన్నయ్య కథ. కాలిఫోర్నియాలో దెబ్బ తగిలిన 30 రోజుల్లో యజమానికి తెలియజేయాలి. మాకు బుద్ధి వచ్చి రాతపూర్వకంగా పంపేసరికి 25వ రోజు. వర్కర్స్ కాంపెన్సేషన్ జిల్లా ఆఫీసులో ఉచితంగా సలహా చెప్పే అధికారి ఉంటారు, ఆయన దారి చూపించారు. తర్వాత లాయరును పెట్టుకున్నాం. ఫీజు ముందు అడగలేదు. వచ్చిన దానిలోంచి జడ్జి ఆమోదించినంతే తీసుకుంటారు.

గోడౌన్ పనివాళ్ళ కోసం ఆ కంపెనీకి ఇన్సూరెన్సు ఉంది. సాయంత్రం రిపోర్టులు, మీటింగుల ఈమెయిళ్ళు ముందు పెట్టాక ఇన్సూరెన్సు సంస్థ అతన్ని ఉద్యోగిగా ఒప్పుకుంది. వైద్యం ఖర్చు భరించింది. పని చేయలేని కాలానికి సగటు వారపు ఆదాయంలో మూడింట రెండు వంతులు, చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితికి లోబడి, ఇవ్వాలి. కమీషన్ ప్రతి వారం ఒకేలా ఉండదు కనుక ఏడాదికి మించని కాలం తీసుకుని సగటు కడతారు. అప్పుడు వాళ్ళు ముందుగా తీసింది ఏమిటో తెలుసా? నేను తగ్గించి తగ్గించి చూపించిన షెడ్యూల్ సి! ఆ నికర ఆదాయం అంకె పట్టుకుని బేరం మొదలుపెట్టారు. అన్నయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

2016 తర్వాత చట్టం ఇంకా మారింది. 2018లో డైనమెక్స్ తీర్పు, దాని వెంట ఏబీ 5 చట్టం వచ్చాయి. 2020 జులై 1 నుంచి కాలిఫోర్నియా వర్కర్స్ కాంపెన్సేషన్‌లో కూడా, మనిషి ఉద్యోగి కాదని సంస్థే మూడు అంశాల్లో నిరూపించుకోవాలి: తన అదుపు లేదని, ఆ పని తన మామూలు వ్యాపారానికి బయటిదని, అతనికి స్వతంత్రంగా నడిచే వ్యాపారం ఉందని. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఉదాహరణకు కొన్ని రకాల డైరెక్ట్ సేల్స్ వాళ్ళకు పాత బొరెల్లో పద్ధతే. ఇతర రాష్ట్రాల్లో నియమాలు వేరు. టెక్సాస్‌లో ప్రైవేటు యజమానులు చాలావరకు ఈ ఇన్సూరెన్సు తీసుకోకుండా కూడా ఉండవచ్చు. మీ రాష్ట్రం సంగతి మీరు కనుక్కోండి.

కమీషన్ మీద పనిచేసే సోదర సోదరీమణులకు నా మనవి. ఒప్పందం రాతలో తీసుకోండి. కాలిఫోర్నియాలో ఉద్యోగికి కమీషన్ ఇస్తే అది 2013 నుంచి తప్పనిసరి. ఎక్కడికి వెళ్ళమన్నారో, ఏం చేయమన్నారో ఆ మెసేజీలు దాచుకోండి. దెబ్బ తగిలితే ఆ రోజే రాసి పంపండి. "నువ్వు 1099" అనగానే వెనక్కి తగ్గకండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే మాలాగే అవుతుంది.

వ్యాపారాలు నడిపే పెద్దలకు కూడా ఒక మనవి. మనవాడే కదా, అడగడులే అని ఇన్సూరెన్సు లెక్కలోంచి వదిలేయకండి. మనవాడు గనుకనే అడగడానికి మొహమాటపడతాడు. ఆ మొహమాటం మీద వ్యాపారం కట్టకూడదు.

అన్నయ్య ఇప్పుడు కొంచెం కుంటుతూ నడుస్తాడు. అదే కంపెనీలో ఆర్డర్లు చూస్తున్నాడు, ఈసారి జీతం మీద. ఆ యజమానీ అన్నయ్యా మొన్న ఉగాదికి ఒకే బల్ల దగ్గర కూర్చుని పచ్చడి తిన్నారు. నలుగురూ ఏమీ అనుకోలేదు.

సెలవు.