రాడారు పటములో తుపాను కన్ను
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



పుస్తకములు చదువుట మనకు అలవరచినది ఈ గ్రంథాలయము. నేడు మనము చదువ నేర్వవలసినది మరియొకటి కలదు. అది రాడారు పటము. తుపాను వచ్చుచున్నదనగానే మన యువకులు ఫోనులలో దానిని చూచుచున్నారు. కాని చూచుట వేరు, చదువుట వేరు.

2018 అక్టోబరు 11 వేకువను ఉద్దానము మరువజాలదు. 4.30, 5.30 గంటల నడుమ తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. గాలి గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగమున వీచెను. విసురు 165 వరకు పోయెను. తరతరముల కొబ్బరి, జీడి తోటలు ఒక్క పూటలో నేలకొరిగెను.

రాడారు రేడియో తరంగములను పంపి, వానచినుకులకు తగిలి మరలివచ్చినవానిని పట్టు యంత్రము. కావున మనము సాధారణముగా చూచు పటములోని రంగులు వాన తీవ్రతను తెలుపునే గాని గాలి బలమును గాదు.

తుపాను మేఘములు గడియారపు ముల్లునకు ఎదురుగా సుడి తిరుగును. నడుమ రంగులేని గుండ్రని చోటు కానవచ్చినచో అదియే కన్ను. అచ్చట వాన వెలియును, గాలి అణగును. ఆపద తీరినదని ఇల్లు వెడలినవాడు మోసపోవును. వాయవ్యముగా సాగు తుపాను కన్ను ఊరిమీదుగా పోయినచో మొదట ఈశాన్యపు గాలి, కొంతసేపు నెమ్మది, పిమ్మట నైరుతి నుండి మరల పెనుగాలి వచ్చును. కన్ను మన ఊరికి నైరుతి దిక్కున తీరము దాటినచో మరింత జాగరూకత వలయును. అప్పుడు గాలి సముద్రమునుండి వీచి ఉప్పెనను ఒడ్డునకు నెట్టును.

వేరొక సంగతి. విశాఖపట్నపు రాడారు పలాసకు సుమారు 160 కిలోమీటర్ల దూరమున నున్నది. భూమి గుండ్రముగా నుండుటచే దాని కిరణము ఇచ్చటికి చేరుసరికి నేలకు 2, 3 కిలోమీటర్ల యెత్తున నుండును. కొబ్బరి మట్టల యెత్తున వీచు గాలి దానికి చిక్కదు. పటమున రంగు పలుచనైనంతమాత్రమున భయము లేదని తలపరాదు. వాతావరణశాఖ హెచ్చరికయే మనకు ప్రమాణము. పటము దానిని బోధపరచుకొనుటకు సాయము మాత్రమే.

2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడును అక్టోబరులోనే తీరము దాటినవి. కనుక ఏటేట ఆ నెలకు ముందే ఈ పఠనమందిరపు గోడకు ఒక తుపాను పటమును అతికించి, ఉన్నత పాఠశాల విద్యార్థులచే పెద్దలకు, బెస్త సోదరులకు చదివి చెప్పించవలెనని నా మనవి. అక్షరము రానివారికి దినపత్రిక చదివి వినిపించుట గ్రంథాలయములకు క్రొత్త పని కాదు గదా! ఇదియు అట్టిదే.