గని గొలుసును విమానపు రెక్కయు
(గోదావరిఖని పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



బొగ్గుగనుల నడుమ కూర్చుండి ఆకాశయానమును గూర్చి ముచ్చటించుట కొందరికి వింతగా తోచవచ్చును. రామగుండము ప్రాంతమున విమానమనగా బసంతనగరు మైదానమే జ్ఞప్తికి వచ్చును. 1980 దశకమున వాయుదూత్ వారి చిన్న విమానములు అచట దిగుచుండెడివి; పిమ్మట అవియు నిలిచిపోయినవి. మేము చెప్పబూనినది ప్రయాణముల సంగతి కాదు. క్రొత్త విమానమును కల్పించినవారు అది మనుష్యుని మోయగలదని ఏ ధైర్యముతో చెప్పుదురు? ఈ ప్రశ్నకు సమాధానములో ఒక భాగము గనులలోనే పుట్టినది.

జర్మనీ దేశమున క్లౌస్తాల్ గనులలో విల్‌హెల్మ్ ఆల్బర్ట్ అను అధికారి యుండెను. ఖనిజమును పైకి లాగు ఇనుపగొలుసులు, తాము మోయదగిన బరువునే మోయుచు, కొన్నాళ్లకు తటాలున తెగుచుండెను. ఆయన యంత్రమొకటి కట్టించి, గొలుసునకు బరువు వేయుటయు తీయుటయు ఎడతెగక సాగించి, ఫలితములను 1837లో ప్రకటించెను. ఒక్కసారి అవలీలగా మోసిన బరువును లక్షసారులు మోయలేకపోవుట లోహమునకు స్వభావము. దీనినే లోహపు అలసట యందురు. గొలుసునకు బదులు ఇనుపతీగలను పేనిన తాటిని 1834లో గనికి తెచ్చినవాడును ఈయనయే. మన ఇంక్లైనులలో టబ్బులను లాగుచు వచ్చిన హాలేజి తాడు ఆ వంశములోనిదే. తాడును తడవి చూచి తెగిన తీగలను లెక్కించినవారికి ఈ అలసటను గూర్చి మేము నేర్పవలసినది లేదు.

విమాననిర్మాతలకు ఈ పాఠము మిక్కిలి ప్రియముగా అబ్బినది. కామెట్ అను బ్రిటిషు జెట్ విమానములు 1954 జనవరిలో ఒకటియు, ఏప్రిలులో ఒకటియు ఇటలీ చెంత సముద్రముపై గాలిలోనే పగిలిపోయెను. ఫార్న్‌బరోలోని ఇంజనీర్లు వేరొక కామెట్‌ను పెద్ద తొట్టిలో నుంచి, లోపలను వెలుపలను నీరు నింపి, లోపలి ఒత్తిడిని పెంచుచు తగ్గించుచు, ప్రయాణమున దాని దేహము పడు శ్రమను నేలమీదనే కలిగించిరి. అంతకు మునుపు నిజముగా చేసిన ప్రయాణములతో కలిపి లెక్క మూడువేలు దాటిన పిమ్మట, ఒక కిటికీ మూలనుండి గోడ చీలెను. గాలి నింపక నీరేల నింపిరి? గాలితో నిండినది పగిలినచో బాంబువలె ప్రేలి సాక్ష్యమంతయు చెదరును. నీరు నొక్కుడునకు లొంగదు గనుక, చీలిక చీలినచోటనే నిలిచి తన కథ తానే చెప్పును.

ఈ శాస్త్రమునకు మన దేశమున పాదువేసినవారిలో వల్లూరి సీతారామారావు గారొకరు. కాలిఫోర్నియాలో విద్యనభ్యసించి, లోహముల అలసటను శోధించిన ఆయన 1965 మొదలు 1984 వరకు బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలకు డైరెక్టరుగా నుండిరి. అచటి పెద్ద వాయుసొరంగము 1967లో పని నారంభించినది. గనిలో ఫ్యాను మనుష్యుల ఊపిరికై గాలిని తోలును. ఈ సొరంగమున విమానపు బొమ్మ కదలక నిలుచును, గాలియే దానిపై పరుగెత్తును. రెక్క ఎంత లేచుచున్నదో, ఎంత వెనుకకు లాగబడుచున్నదో, బొమ్మను పట్టియున్న త్రాసు చెప్పును. పైకప్పును కడ్డీతో తట్టి చప్పుడు విను పనివాని నేర్పు కూడ ఇంజనీర్లకు కలదు. విమానమును నేలమీద నుంచి, అచటచట వణికించి, ఏ వణుకునకు ఏ రెక్క బదులు పలుకునో వారు ముందుగనే కనుగొందురు.

తేజస్ మాటకు వత్తము. ఆ విమానమునకై 1984లో ఏర్పడిన సంస్థకు మొదటి డైరెక్టరు జనరల్ వల్లూరి వారే. తరువాత ప్రధాన రూపకర్తయై పని నడిపిన కోట హరినారాయణ గారు అటుపిమ్మట హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. 1995 నవంబరు 17న షెడ్డు వెలుపలికి వచ్చిన తేజస్, 2001 జనవరి 4న గాని ఎగురలేదు. ఈ అయిదేండ్లును ఎగతాళి చేసినవారు పలువురు. వారికి మా బదులు ఇది. చురుకుగా మలగవలెనని ఆ విమానమును బుద్ధిపూర్వకముగనే నిలకడ లేనిదిగా కల్పించిరి. దానిని క్షణక్షణము సరిదిద్దుట మనుష్యుని చేతికి అలవి గాదు; కంప్యూటరే చేయవలెను. కంప్యూటరు తప్పినచో? అందుకే కంప్యూటర్లను, చుక్కానులను త్రిప్పు యంత్రములను నేలమీద ఒక చట్రమున అమర్చి, దానికి ఇనుపపక్షి అని పేరిడి, కోరి లోపములు కల్పించి, అది తట్టుకొనునో లేదో చూచిరి. ఇంతలో 1998 అణుపరీక్షలు జరిగెను. అమెరికాలో అచటివారితో కలిసి పనిచేయుచుండిన మన ఇంజనీర్లు తిరిగి రావలసివచ్చెను. సామగ్రి అచటనే చిక్కుబడెను. మిగిలిన లెక్క ఇచటనే ముగిసినది. తొలిసారి వింగ్ కమాండర్ రాజీవ్ కోథియాల్ దానిని నడిపినది పదునెనిమిది నిమిషములు మాత్రమే.

మరియొక విమానము కలదు. దానిని దాచుట మాకు సమ్మతము గాదు. జాతీయ ప్రయోగశాల వారి సరస్ 2009 మార్చి 6న బెంగుళూరు చేరువ కూలి, పరీక్షకులు మువ్వురు మరణించిరి. గాలిలో ఒక ఇంజను నాపి మరల వెలిగించు పరీక్ష అది. వెలిగించుటకు వ్రాసియిచ్చిన విధానమే సరియైనది కాదనియు, చాలినంత ఎత్తు లేకయే దానిని ఆచరించిరనియు విచారణలో తేలెను. రెక్కను పరీక్షించిరి, ఇంజనును పరీక్షించిరి. పైలట్ల చేతి కాగితమును మాత్రము అంత శ్రద్ధగా పరీక్షింపలేదు. ప్రమాదవిచారణలను చూచిన గనికార్మికులకు ఈ భేదము తెలియును. ఆ పని తొమ్మిదేండ్లపాటు కుంటుపడి, మార్పులు చేసిన సరస్ 2018 జనవరి 24న మరల గాలిలోనికి లేచినది.