ఆంగ్లమున సామాన్య వర్తమానము – తెలుగున తద్ధర్మము

 

ఉద్యోగమునకై పట్టణమునకు పోయిన పల్లెటూరి యువకుని ఒక్కనిని ఊహింపుడు. అధికారి అతనిని "వాట్ డజ్ యువర్ ఫాదర్ డూ?" అని ఆంగ్లమున ప్రశ్నించును. యువకుడు వినయముతో "హి ఈజ్ ప్లౌయింగ్ ది ల్యాండ్" అని బదులు చెప్పును. అడిగినది తండ్రి వృత్తి. చెప్పినదో, ఈ క్షణమున తండ్రి పొలము దున్నుచున్నాడని! సేద్యము ఆ తండ్రికి ఒక పూట పని కాదు, తరతరముల జీవనము. ఒక్క క్రియాపదము దానిని క్షణికకార్యముగ మార్చివేసినది. "హి ప్లౌస్ ది ల్యాండ్" అనియుండినచో, తండ్రి బ్రతుకు కొడుకు నోట ఉన్నదున్నట్లు పలికియుండెడిది.

ఈ పొరపాటు తెలివిలేమి వలన వచ్చినది కాదు. పేరు వలన వచ్చినది. "సింపుల్ ప్రెజెంట్ టెన్సు" అను పేరులో "ప్రెజెంట్" ఉన్నది గనుక, "ఇప్పుడు జరుగుచున్న పని" అని బాలురు భావింతురు. కాని ఆ క్రియ ముఖ్యముగ తెలుపునది ఈ క్షణమును కాదు. అలవాటును, స్వభావమును, నిత్యసత్యమును. ఈ క్షణమున జరుగుచున్న పనికి "ఈజ్ గోయింగ్", "ఆర్ ఈటింగ్" వంటి రూపములు వేఱుగ నున్నవి.

ఇది తెలుగువారికి క్రొత్త విషయము కాదు. తెలుగు వ్యాకరణమున భూత, భవిష్యత్, వర్తమానములతోబాటు తద్ధర్మమని నాలుగవది కలదు. "తద్ధర్మ" మనగా "అది దాని ధర్మము" అని భావము. "పక్షులు ఎగురును", "సూర్యుడు తూర్పున ఉదయించును" – ఇవి నిన్నటికిని, నేటికిని, రేపటికిని చెల్లు మాటలు. "బర్డ్స్ ఫ్లై", "ది సన్ రైజెస్ ఇన్ ది ఈస్ట్" అను ఆంగ్లవాక్యములు సరిగా ఇట్టివే. కావున సామాన్య వర్తమానమును తద్ధర్మమని గుర్తించిన తెలుగు బాలునికి సగము చిక్కు విడిపోవును. వ్యవహారమున "రోజూ బడికి పోతున్నాడు" అనుట కూడ ఉన్నందున "హి ఈజ్ గోయింగ్ టు స్కూల్ డైలీ" అను తప్పు దొరలుచున్నది. "పోవును" అని మనసులో అనుకొనినచో "గోస్" అని నోటికి వచ్చును.

వ్యతిరేకమున ఈ పోలిక మఱింత స్పష్టము. "అతడు మాంసము తినడు" అనగా అది అతని నియమము. "హి డజ్ నాట్ ఈట్ మీట్". "తినుట లేదు" అనగా ఇప్పటి మాట. "హి ఈజ్ నాట్ ఈటింగ్". తినని వానికిని, ఇప్పుడు తినుట లేనివానికిని గల భేదము వడ్డించు ఇల్లాలికి ఎవరును బోధింప నక్కరలేదు.

తెలియుట, కలిగియుండుట, కోరుట వంటి స్థితిని తెలుపు క్రియలకు సాధారణముగ "ఇంగ్" రూపము చెల్లదు. "అతనికి ఆంగ్లము తెలియును" అందుము గాని "తెలియుచున్నది" అనము గదా! అట్లే "హి నోస్ ఇంగ్లీష్" అనవలెను. "ఇద్దరు కుమారులు కలరు" అనుటకు "హి ఈజ్ హావింగ్ టూ సన్స్" అనుట, "ఇద్దరు కుమారులు కలుగుచున్నారు" అనుట వంటిది.

ఇక రూపము. ఒక్కడు, ఒక్కతె, ఒక్క వస్తువు కర్తయైనపుడు మాత్రమే క్రియ చివర "ఎస్" చేరును: "ది బాయ్ గోస్". పలువురైనచో "ఎస్" నామమునకు పోవును, క్రియ దానిని విడుచును: "ది బాయ్స్ గో". ప్రశ్నయందును, వ్యతిరేకమందును ఆ "ఎస్"ను "డజ్" తీసికొనును. "డజ్ హి గో" అనవలెను గాని "డజ్ హి గోస్" అనరాదు. 1611లో వెలువడిన ఆంగ్ల బైబిలున "గోయెత్" అను పాతరూపమే కానవచ్చును. "ఎస్" రూపము ఉత్తర ఇంగ్లండు మాండలికములనుండి వ్యాపించి నిలిచినది. భాషలన్నియు నిట్లే మారుచు వచ్చినవి.

మఱి మూడు ప్రయోగములు గమనింపదగినవి. నిర్ణీతమైన వేళలకు రేపటి విషయమైనను ఇదే క్రియ వచ్చును: "ది ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో". "వాన కురిసినచో" అనుటకు "ఇఫ్ ఇట్ రెయిన్స్" అనవలెను గాని "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" అనరాదు. పత్రికల శీర్షికలలో జరిగిపోయిన సంగతికిని ఈ క్రియనే వాడుదురు. 1969 జూలైలో మానవుడు చంద్రునిపై అడుగిడగా, న్యూయార్క్ టైమ్స్ పత్రిక "మెన్ వాక్ ఆన్ మూన్" అని పెద్ద అక్షరములతో ప్రకటించెను. దానిని "మనుష్యులు చంద్రునిపై నడుతురు" అని నిత్యసత్యముగ గ్రహింపరాదు.

దీనిని నేర్చుటకు పెద్ద గ్రంథములు అవసరము లేదు. గ్రంథాలయమునకు వచ్చు ఆంగ్ల పత్రికలో దినమునకు పది వాక్యములు ఎన్నుకొని, ప్రతి క్రియను "చేయునా? చేయుచున్నాడా?" అని తెలుగున ప్రశ్నించిన చాలును. తల్లిభాష యందలి తద్ధర్మమే పరభాషకు తాళపుచెవి. ఆ తాళపుచెవి చేతనున్న పల్లె బిడ్డ ఏ అధికారి యెదుటనైనను తల వంచక, తన తండ్రి ఏమి చేయునో సరియైన మాటతో చెప్పగలడు.

స్వస్తి.